నాలుగో గొంతు

అల్లుడు పాట పాడతాడన్న సంగతి కాటమయ్యకు బిడ్డ పెళ్లయిన మూడేళ్లకు తెలిసింది. అప్పటికే ఆ పాట కేసెట్టుగా రావడమూ అయింది, ఆ కేసెట్టు పట్టుకొని బిడ్డ పుట్టింటికి రావడమూ అయింది.

కాటమయ్యది కేతేపల్లి. రెండెకరాల చెలక, ఒక బర్రె, శనివారం భజన. ముప్పై ఏళ్లుగా ఊళ్లో భజనకు ముందు గొంతు ఆయనదే. ఆయన ఎత్తుకుంటే మిగతా పన్నెండు మంది కుడికీ ఎడమకూ చూడకుండా వెంట పోతారు. ఆ పన్నెండింటిలో ఏ గొంతు ఎవడిదో దేవుడికి కూడా తెలియదు. తెలియాల్సిన పనీ లేదు. ఒకడు దారి తీస్తాడు, తక్కినవాళ్లు నడుస్తారు. కాటమయ్య లెక్కలో పాటంటే అదే.

అల్లుడు దుర్గయ్య దర్జీ. పాలమూరు అనే మహబూబ్‌నగర్‌లో గడియార స్తంభం దగ్గర దుకాణం. ప్యాంటు కుడితే మళ్లీ విప్పి కుట్టాల్సిన పని ఉండదని పేరు. అయితే సాయంత్రం ఆరు కాగానే తాళం వేసేవాడు. పెళ్లిళ్ల రోజుల్లో జనం బట్టలు చేత పట్టుకొని వాకిట్లో నిలబడినా అంతే. తొమ్మిదింటికి ఇల్లు చేరేవాడు. ఎక్కడికి పోయావని భార్య అండాలు అడిగితే 'పాటకు' అనేవాడు. మొదట్లో ఆమె నమ్మింది. తరువాత, దవాఖాన వెనక ఇళ్లలో ఒక నర్సమ్మ ఉందనీ, ఆమెకు పాటలంటే ప్రాణమనీ పక్కింటామె చెవిలో వేసింది. అండాలు ఆ నర్సమ్మను ఎన్నడూ చూడలేదు. చూడకపోవడం వల్ల ఆమె రోజురోజుకూ మరింత అందగత్తె అయింది.

నమ్మించడానికి దుర్గయ్య కేసెట్టు తెచ్చి భార్య చేతిలో పెట్టాడు. అట్ట మీద నలుగురు మగవాళ్లు. నలుగురికీ ఒకే రంగు కోట్లు, మెడ దాకా గుండీలు, కనుబొమల మీదికి దువ్విన జుట్టు. కోట్లు కుట్టింది దుర్గయ్యే. పాలమూరు ఎండలో అవి తొడుక్కొని నిలబడి నవ్వుతూ ఫొటో దిగారంటేనే ఎక్కడో తేడా ఉందని తెలుస్తుంది. కింద ఇంగ్లీషు అక్షరాల్లో 'ది ఫోర్ పాలమూర్స్' అని ఉంది. అండాలు కేసెట్టు రెండు వైపులా అయిదుసార్లు విన్నది. మొగుడి గొంతు ఎక్కడా దొరకలేదు.

"ఫొటోల ఉన్నవు, పాటల లేవు," అన్నది.

"ఉన్న. కింద ఉన్న."

"కిందంటే యాడ? మంచం కిందనా?"

"అందరి గొంతుల కింద. అది వేరుగ ఇనపడొద్దు అండాలూ. ఇనపడితే తప్పు పాడినట్టు."

వినపడకుండా పాడడానికి రోజూ మూడు గంటలు నేర్చుకుంటున్నానంటే ఏ ఆడది నమ్ముతుంది? అండాలు పెట్టె సర్దుకొని బస్సెక్కింది.

కాటమయ్యకు భార్య పోయి అప్పటికి మూడేళ్లు. దినాల నాడు చుట్టాలు వచ్చారు, ఏడ్చారు, పప్పు బాగుందన్నారు, పోయారు. ఆ తరువాత ఒక్కడు గుమ్మం తొక్కలేదు. మూడేళ్లు ఆయన తన చేతి కూడు తానే తిన్నాడు. ఎవరికైనా శిక్ష వేయాలంటే అంతకన్నా పెద్దది అక్కరలేదు. అండాలు రావడంతో పొయ్యి మీద జొన్నరొట్టె పొంగింది. పచ్చిపులుసులో ఉల్లిగడ్డ పడింది. పొద్దున్నే వేడినీళ్లు కాగాయి. అయిదు నెలల్లో కాటమయ్య బుగ్గలు నిండాయి. అల్లుడి తప్పు ఎంత పెద్దదైతే తనకు అంత మేలని ఆయనకు త్వరగానే అర్థమైంది. పైకి మాత్రం "ఏం జేస్తం, ఆడివిల్ల బతుకు," అని నిట్టూర్చేవాడు, వేడి రొట్టె తుంచుకుంటూ.

కేసెట్టును ఆయన కూడా విన్నాడు. చాయ్ హోటల్లో ఒక పాత టేప్‌రికార్డరు ఉంది. అందులో ఎవరు పాడినా డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టే ఉంటుంది. మూడు గొంతులు లెక్కపెట్టాడు. నాలుగోది లేదు. "అల్లుడు ఇందుల లేడు బిడ్డా," అని ఇంటికొచ్చి చెప్పాడు. ఆయన విన్నంతలో ఆ మాట ఆ రోజుకు నిజమే.

ఎండాకాలం మధ్యలో దుర్గయ్య ఉత్తరం రాశాడు. పెద్దమనుషుల్లో పెట్టండి, నా సాక్షులను తెచ్చుకుంటాను, భార్యను తీసుకుపోతాను అని. కాటమయ్య కాదనలేకపోయాడు. కాదంటే తన మీదే అనుమానం వస్తుంది. ఆదివారం పొద్దున భజన కొట్టంలో అందరూ కూర్చున్నారు. నడుమ జంగయ్య. ఊళ్లో ఏ పంచాయితీ అయినా తెంపేది ఆయనే. ఆలుమగల తగువులైతే ఆయనకు మరీ ఇష్టం. సొంత ఇంట్లో ఆయన మాట చెల్లదు.

సాక్షులు బస్సు దిగి నడిచి వచ్చారు. ఆ ముగ్గురూ, దుర్గయ్య, నలుగురూ కోట్లలోనే వచ్చారు. చంకల కింద చెమట పటాలు కట్టింది. ఒకడి భుజాన గిటారు.

"ఏంది దుర్గయ్యా, సాక్ష్యానికి తోల్కరమ్మంటే బ్యాండుమేళం తెచ్చినవు?" అన్నాడు జంగయ్య.

"బ్యాండుమేళం కాదు పెద్దయ్యా," అన్నాడు గిటారు మనిషి. అతని పేరు జాఫర్. మహబూబ్‌నగర్‌లో రేడియోలు బాగుచేస్తాడు. గుంపుకు పెద్ద తనే. "మాది పాట. సొంత పాట. సినిమా పాట ముట్టం."

ముట్టరన్నది నిజమే. మక్తల్‌లో ఒక పెళ్లికి పిలిస్తే, పెళ్లికొడుకు మేనమామ సినిమా పాట అడిగాడట. మేము మా పాటలే పాడతామని జాఫర్ అన్నాడట. అయితే మీ అన్నం మీరే వండుకోండని పెళ్లివారు అన్నారట. నలుగురూ కోట్లతో, ఖాళీ కడుపులతో, పాసింజరు బస్సులో ఇల్లు చేరారు. దాన్ని జాఫర్ ఇప్పటికీ గెలుపు కిందే చెప్పుకుంటాడు.

పాటల పిచ్చి అతనికి మేనమామ నుంచి వచ్చింది. ఆ మేనమామ అరవైల్లో సికింద్రాబాదు క్లబ్బులో బాకా ఊదేవాడు. పోతూ పోతూ ఒక పెట్టెడు ఇంగ్లీషు రికార్డులు ఇతనికి వదిలాడు. వేరే మేనమామలు పొలాలు వదిలి పోతారు. ఆ రికార్డుల్లో నలుగురు కుర్రాళ్లు నాలుగు వరసల్లో ఒక్క పాట పాడతారు. జాఫర్ వాటిని అరిగేదాకా విన్నాడు. వాళ్ల జుట్టు, వాళ్ల కోటు, వాళ్ల వరస అన్నీ పాలమూరుకు దించాడు. దించనిది అక్కడి చలి ఒక్కటే.

"సరే, పాడుండ్రి," అన్నాడు జంగయ్య. "పిలగాడు మీతోటి పాడతడా లేదా, గంతే మాకు కావాలె."

జాఫర్ గిటారు సవరించుకున్నాడు. అతని పక్కన మెహమూద్, పై గొంతు. ఆ పక్కన కృష్ణయ్య, నడిమి గొంతు. చివర దుర్గయ్య, మామ వైపు చూడకుండా. పాట ఒక మబ్బు మీద కట్టింది. మబ్బూ మబ్బూ, మా ఊరి మీదికెళ్లి ఊకెనే పోతివి, జర ఆగి పోరాదే అని. వాన కోసం మొక్కాల్సింది పోయి సరసమాడుతున్నారేమిటని కాటమయ్య అనుకున్నాడు. రెండు పాదాలు అయ్యేసరికి జంగయ్య చెయ్యెత్తాడు.

"ఆపుండ్రి. ఆలుమొగల పంచాయితి తర్వాత. ముందు మీ నలుగురి పంచాయితి తెంపుదం."

"మాకేం పంచాయితి లేదు పెద్దయ్యా."

"లేకుంటే గట్లెందుకు పాడుతుండ్రు? ఒకడు మీదికి పాయె, ఒకడు కిందికి పాయె, ఒకడు నడుమ నిలవడె. ఒకని మీద ఒకనికి కోపమున్నట్టున్నది. మా భజనల పన్నెండు మంది ఒక్క తాడు లెక్క పోతరు. అడుగు, గీ కాటమయ్యను అడుగు."

"గదే పద్ధతి పెద్దయ్యా. ఇంగ్లీషోళ్లు గిట్లనే పాడతరు. తలా ఒక దారిల పోతరు, అయినా కలిసే ఉంటరు."

"తలా ఒక దారిల పోయిండ్రు గనుకనే దేశం ఇడిసిపెట్టి పోయిండ్రు," అన్నాడు జంగయ్య. కొట్టం అంతా నవ్వింది.

నవ్వు తగ్గాక జంగయ్య అసలు మాటకు వచ్చాడు. దుర్గయ్య ఒక్కడే తన పాట పాడాలన్నాడు. దుర్గయ్య మొహం తెల్లబోయింది. తన వంతు ఒక్కటే పాడితే అది పాట కాదని చెప్పబోయాడు. ఎవరూ వినలేదు. కళ్లు మూసుకొని అందుకున్నాడు.

"ఊఁ... ఊఁ... ఊఁ... పోరాదే... ఊఁ..."

అంతే. పాట మొత్తంలో అల్లుడికి వచ్చిన మాట ఒక్కటి. మిగతాదంతా ఊఁ.

స్తంభానికి ఆనుకొని కూర్చున్న నర్సింగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మా బర్రె ఈనేటప్పుడు గిట్లనే మూల్గుతది. దానికి కోటు కుట్టియ్యలే, గంతే ఫరక్," అన్నది.

ఈసారి నవ్వు చాలాసేపు ఆగలేదు. కొట్టం వెనక తడిక పక్కన అండాలు నిలబడి ఉంది. ఆమె నవ్వలేదు. తడిక చాటుకు పోయింది.

"గీ మూల్గుడు కొరకు దినాం మూడు గంటలు దుకాణం మూస్తవా? అబద్ధమాడినా జర నమ్మేటట్టు ఆడాలె దుర్గయ్యా," అన్నాడు జంగయ్య.

జాఫర్‌కు కోపం వచ్చింది. "పెద్దయ్యా, మంచానికి నాలుగు కోళ్లుంటయి. పండుకున్నోనికి కోడు కనపడ్తదా?"

"కనపడదు."

"దుర్గయ్య గా కోడు."

"అయితే ఒక కోడు తీసి చూద్దం. మంచం పడ్తదా, నిలవడ్తదా. నువ్వు నోరు మూసుకో దుర్గయ్యా. మీ ముగ్గురు పాడుండ్రి."

ముగ్గురూ పాడారు. మొదటి పాదంలోనే కాటమయ్య వీపు నిటారు అయింది. కడవ కింది కుదురు ఎవరో లాగేసినట్టయింది. మూడు గొంతులూ పక్కకు దొర్లాయి. మెహమూద్ పైకి ఎగబాకాడు, కాలు ఆన్చే చోటు లేక ఇంకా పైకి పోయాడు. కృష్ణయ్య అతణ్ణి అందుకోబోయి జారాడు. ఇందాక ఇదే పాట నేల మీద నిలబడి ఉంది. ఇప్పుడు గాలిలో వేలాడుతోంది. ఆ బర్రె మూలుగు లేకపోతే ఈ పాటకు అడుగు లేదు. దుర్గయ్య రెండేళ్లుగా రోజూ మూడు గంటలు పోయింది ఇక్కడికే. నర్సమ్మ లేదు, గిర్సమ్మ లేదు. అల్లుడు ఒక్క అబద్ధం ఆడలేదు.

మిగతా పెద్దమనుషులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వాళ్లకు ఇందాకటిదీ ఇప్పటిదీ ఒకటే. రెండూ గోలే.

"మాకు ఎరుక కాదు," అన్నాడు జంగయ్య. "కాటమయ్యా, నువ్వు చెప్పు. పిల్ల తండ్రివైతేంది? ముప్పై ఏండ్ల సంది ఊరికి నీ చెవే చెవి. దేవుని పాట పాడేటోనివి, తప్పు చెప్పవు. దుర్గయ్య ఉన్నప్పటికి లేనప్పటికి ఫరక్ ఉన్నదా?"

కొట్టం అంతా ఆయన వైపు తిరిగింది. దుర్గయ్య మొదటిసారి మామ కళ్లలోకి చూశాడు. అతనికి అనుమానం లేదు. భజన నడిపించే మనిషి, వినే ఉంటాడని ధైర్యంగా ఉన్నాడు.

కాటమయ్యకు రొట్టె గుర్తుకొచ్చింది. మధ్యలో పొంగి, అంచుల దగ్గర సన్నగా మాడి, పొయ్యి మీద నుంచి నేరుగా కంచంలో పడే రొట్టె. అంతకు ముందటి మూడేళ్ల కూడు కూడా గుర్తుకొచ్చింది.

"ఏం ఫరక్ లేదన్నా," అన్నాడు. "ఉన్నా గంతే, లేకున్నా గంతే."

పంచాయితీ తెగింది. దుర్గయ్య పాట బందు పెట్టాలి. ఆరు నెలలు రోజూ సాయంత్రం దుకాణంలో కనపడాలి. కనపడ్డాడని పాలమూరులో నలుగురు చెప్పాలి. అప్పుడు పిల్లను పంపుతారు.

దుర్గయ్య మామ ముందుకు వచ్చాడు. "మామా, జర ఇంకొక్కసారి ఇంటవా?" అన్నాడు.

"ఎన్నిసార్లిన్నా గంతే అల్లుడా."

జాఫర్ గిటారు భుజాన వేసుకున్నాడు. పోతూ కాటమయ్య ముందు ఆగాడు. "పెద్దయ్యా, నడిమి గొంతు జారంగనే నీ మొఖం గుంజుకపోయింది. నేను చూసిన. రెండేండ్లకు చెవి ఉన్న మనిషి ఒక్కడు దొరికిండనుకున్న."

"ఎండ ముదురుతాంది. నీ బస్సు పోతది," అన్నాడు కాటమయ్య.

ఆ పూట అండాలు చేసిన రొట్టె అడుగంటింది. కాటమయ్య దాన్నే తిన్నాడు. నాలుగు రోజులు పోతే చేయి మళ్లీ కుదురుకుంటుందనుకున్నాడు. కుదురుకుంది కూడా. కుదరనిది ఆయన చెవి.

శనివారం దీపాలు పెట్టే వేళ భజన మొదలైంది. కాటమయ్య ఎత్తుకున్నాడు, పన్నెండు మందీ అందుకున్నారు. ముప్పై ఏళ్లుగా అదే తాడు. ఆ వేళ మాత్రం అది ఆయనకు బోడిగా వినిపించింది. పన్నెండు మంది ఒకే మెట్టు మీద ఎక్కి తొక్కుకుంటున్నట్టుంది, కింద ఎవడూ లేడు. రెండో పాదంలో ఆయన గొంతు తనంతట తానే కిందికి దిగింది. దిగిన చోట బాగుంది. పైన వీళ్లు, కింద తాను. అర నిమిషం కూడా కాలేదు, ముందు గొంతు దిగిందని పన్నెండు మందీ ఆయన వెంట దిగారు. వాళ్లు నేర్చింది అదే. ఆయన ఇంకా కిందికి దిగాడు, వాళ్లూ దిగారు. చివరకు పదముగ్గురూ బావి అడుగున కూర్చొని గొణుగుతున్నట్టు తయారై, తాళాలు కొట్టేవాడు ఆపేశాడు.

"దగ్గు వచ్చింది," అన్నాడు కాటమయ్య. అందరూ నమ్మారు. నమ్మడం కూడా వాళ్లు వెంట పోతూ నేర్చుకున్నదే.

ఆ తరువాత వారం, బుధవారమో గురువారమో, పొద్దెక్కాక కాటమయ్య వాకిట్లో కూర్చొని బర్రెకు పలుపు పేనుతున్నాడు. లోపల అండాలు రొట్టెలు తడుతోంది. తడుతూ సన్నగా ఏదో అనుకుంటోంది. కేసెట్టు అన్నిసార్లు విన్న మనిషికి పాట నోట పట్టకుండా ఎలా ఉంటుంది? మబ్బూ మబ్బూ అంటోంది. చేతి చప్పుడు దానికి తాళంగా పడుతోంది. కాటమయ్య చేతిలో నార తిరుగుతోంది. ఆయన నోట్లోంచి ఊఁ వచ్చింది. కూతురు పైకి పోతే ఆయన కింద నిలబడ్డాడు. ఆమె దిగితే ఆయన అర మెట్టు జరిగి చోటిచ్చాడు. రెండు పాదాలు ఆ ఇంట్లో తండ్రీ కూతురూ కలిసి నడిచారు. జాఫర్ వింటే కోటు విప్పి దిష్టి తీసేవాడు.

లోపల చప్పుడు ఆగింది. అండాలు గొంతు ఆగింది. కాటమయ్య మాత్రం ఇంకో నాలుగు ఊఁలు పోయాక గానీ చూసుకోలేదు.

అండాలు గడప దగ్గరికి వచ్చింది. చేతులకు పిండి. "నాయినా, గదేంది?"

"ఏది?"

"నువ్వన్నది."

"బర్రెను అదిలించిన."

"బర్రె మేతకు పోయి గంటాయె."

కాటమయ్య నార వైపు చూశాడు.

"గది ఆయన పాడింది," అన్నది అండాలు. "నర్సింగమ్మత్త బర్రె మూలుగన్నది గదే. నేను అంటుంటె నువ్వు కింద పట్టినవు. ఎట్ల కూసున్నదో నాకిప్పుడు ఎరుకైంది. ఇన్నొద్దులు కేసెట్ల దేవులాడిన, దొరకలే. నీ నోట్లె దొరికింది."

"ఊకె నోటికొచ్చింది తియ్యి."

"ఇనకుండనే వచ్చిందా? పదిమందిల ఫరక్ లేదంటివి. నీకు ఇనపడ్డది నాయినా."

కాటమయ్య ముక్కుకు మాడు వాసన తగిలింది. "రొట్టె మాడుతాంది బిడ్డా," అన్నాడు.

"మాడనీ."

ఆమె లోపలికి పోయింది. పెట్టె మూత చప్పుడైంది. కాటమయ్య లేచి గుమ్మం దాకా పోయాడు. ఆమె చీరలు మడత పెట్టకుండానే కుక్కుతోంది. మొహంలో సంతోషమేమీ లేదు. "నర్సమ్మ ఉన్నా బాగుండు," అంటోంది తనలో తాను. "జుట్టు వట్టి గుంజి సంగతి జూద్దును. గా ఊఁను యాడ వట్టి గుంజాలె? ఒక్క మాట కోసం రెండేండ్లు దుకాణం మూసిండు, పిచ్చోడు. పిచ్చోన్ని అబద్ధాలోన్ని చేసి కూసుంటిమి."

"ఆరు నెలలని పెద్దమనుషులు చెప్పిరి గదనే."

"పెద్దమనుషులకు నువ్వు చెప్పినవు. నువ్వే పోయి మల్ల చెప్పు."

"ఎండ వడ్డది. రేపు పోరాదు?"

అండాలు పెట్టె ఎత్తుకుంది. తండ్రి మొహం కేసి ఒకసారి, పొయ్యి కేసి ఒకసారి చూసింది. "రేపటి రొట్టెకే గద నీ ఫికర్. పిండి గురిగిల ఉన్నది. నీళ్లు వేడివి పోసి కలుపుకో, పలగదు," అన్నది. సడక్ మీద నకిరేకల్ బస్సు ఆగడం, కదలడం కాటమయ్యకు వాకిట్లోకి వినిపించింది. చెవి మంచిది మరి.

పెనం మీద రొట్టె బొగ్గయింది. ఆయన దాన్ని గీకి, బాగున్న చోటు తిన్నాడు.

మర్నాడు పొద్దున చాయ్ హోటల్లో జంగయ్య ఎదురుపడ్డాడు. "ఏంది కాటమయ్యా, పొద్దున్నే హోటలు? పిల్ల లేదా ఇంట్ల?"

"పంపిన," అన్నాడు కాటమయ్య. "నేనే పంపిన. ఎన్నొద్దులుంచుకుంటనన్నా ఆడివిల్లను? మొగడెసొంటోడైనా మొగడే."

"మరి ఆరు నెలలంటిమి?"

"నా మాట మీద పంపిన. ఏమన్నయితే నన్నడుగు."

జంగయ్య చాలాసేపు తల ఊపాడు. తరువాత పక్క బల్ల మీద వాళ్లను కూడా పిలిచి చెప్పాడు. "చూడుండ్రి. వండి పెట్టేటోళ్లు లేరు. అయినా బిడ్డ కాపురమే చూసుకున్నడు. మనిషంటే గిట్లుండాలె."

హోటలాయన నిన్నటి బన్ను తెచ్చి ముందు పెట్టాడు. కాటమయ్య దాన్ని చాయ్‌లో ముంచి, మెత్తబడేదాకా ఆగి, తిన్నాడు.